తలుపు దగ్గర మనిషి

ఇళ్ళు చూసి కుళ్ళుకునేవాళ్ళున్నారు, కార్లు చూసి కుళ్ళుకునేవాళ్ళున్నారు. ధాన్యం దాచుకునే గాదెను చూసి కడుపు మండించుకున్నవాణ్ని మాత్రం టెక్సస్ మొత్తం మీద నేనొక్కణ్నే అయ్యుంటాను. పోనీ అది మనవైపు గాదె కూడా కాదు. ఇంగ్లండులో ఎవరో రైతు రెండున్నర శతాబ్దాల కిందట గోధుమలు పోసుకోవడానికి కట్టుకున్న రాతి గాదె. దాన్ని రాయికి రాయి విప్పించి, నంబర్లు వేయించి, చెక్కపెట్టెల్లో ఓడెక్కించి తన పెరట్లోకి తెప్పించుకున్నాడు హర్షవర్ధన్.

హర్షవర్ధన్ మా ఆవిడ శ్రీవిద్యకి ఆఫీసులో డైరెక్టర్. ఆర్గైల్‌లో గుర్రాలు పరిగెత్తేంత జాగాలో ఇల్లు. మాది ప్లేనోలో రెండో అంతస్తు అపార్ట్‌మెంట్. మే నెల చివర లాంగ్ వీకెండ్‌కి వాళ్ళింట్లో, తలా ఒక వంటకం తెచ్చే పాట్‌లక్ పెడితే వెళ్ళాం. పులిహోర గిన్నె నేనే మోశాను. చేసిందీ నేనే. ఎందుకంటే వీసా మా ఆవిడది, నేను డిపెండెంట్‌ని. హైదరాబాద్‌లో ఆర్కిటెక్ట్‌ని. ఇక్కడ వర్క్ పర్మిట్ వచ్చేదాకా వంటవాణ్ని, డ్రైవర్ని, ఇలాంటి చోట్ల 'విద్య వాళ్ళాయన'ని.

పెరట్లో గడ్డి మీద నీలం టార్పాలిన్లు కప్పిన రాళ్ళ గుట్టలు. వాటి పక్కన నడుమెత్తు పుట్టగొడుగుల్లాంటి రాళ్ళు కొన్ని విడివిడిగా నిలబెట్టి ఉన్నాయి. వాటిలో ఒకదాని మీద ఎవరో పెద్దాయన హాయిగా కూర్చుని బిర్యానీ తింటున్నాడు.

"గ్రానరీ ఇది. టూ ఫిఫ్టీ ఇయర్స్ ఓల్డ్," అంటున్నాడు హర్ష చుట్టూ చేరినవాళ్ళతో. "ఆడ ఫామ్ అమ్మేసి ఇండ్లు కడుతుండ్రంటే మొత్తం కొనేసిన. దీంట్ల హోమ్ ఆఫీస్ పెడ్త. జూమ్ కాల్‌ల నా ఎనకాల ఈ రాతిగోడే కనవడాలె."

"అసలీ ఐడియా ఎలా వచ్చింది హర్ష గారూ?" అంది విద్య.

అని, రాళ్ళ వంక ఒకసారి, హర్ష వంక ఒకసారి చూసింది. అదిగో, ఆ చూపు. నేను కట్టించిన మొదటి ఇంటికి స్లాబ్ పడిన మర్నాడు విద్యని తీసుకెళ్ళి చూపిస్తే, దాని కింద నిలబడి పైకి చూసి, తర్వాత నా వైపు తిరిగి సరిగ్గా అలాగే చూసింది. కళ్ళు కాస్త పెద్దవయ్యి, పెదవులు కొంచెం విడివడి, 'ఇది నువ్వు చేశావా!' అన్నట్టు. అప్పటికి మాకు పెళ్ళి కూడా కాలేదు. ఆ చూపు కోసమే చేసుకున్నానేమో. అమెరికా వచ్చాక అది మళ్ళీ నా మీద పడలేదు. పడడానికి నేనేం చేశాను గనక, పులిహోర తప్ప? ఇన్నాళ్ళకి అది బయటికొచ్చి, రాయి మీద చెయ్యి కూడా వెయ్యని మనిషి మీద పడింది. ఒంటికి కారం రాసుకున్నట్టయింది నాకు.

ఆ మంటలోనే నోరు జారాను. "అంకుల్, మీరు కూర్చున్నది కుర్చీ కాదండీ, గాదె కాలు," అన్నాను బిర్యానీ పెద్దాయనతో. "ఇలాంటి కాళ్ళ మీద గాదె మొత్తం నిలబడుతుంది. ఎలక కాలు పట్టుకుని పైకెక్కుతుంది గానీ, ఈ గొడుగు అంచు దగ్గరకొచ్చేసరికి తలకిందులుగా నడవాలి. నడవలేక కింద పడుతుంది."

పెద్దాయన ప్లేటుతో సహా లేచి నిలబడ్డాడు. హర్ష నా భుజం మీద చరిచాడు.

"అరె, నువ్వు ఆర్కిటెక్ట్‌వి గదా బ్రో! నాకు యాదికే రాలే. జెర హెల్ప్ చెయ్యి నాకు. ఈ నంబర్లు, ఫోటోలు చూస్తే కాంట్రాక్టర్‌కి గూడ పిచ్చి లేస్తుంది."

"తప్పకుండా అన్నా," అన్నాను. కుళ్ళు కుళ్ళే గానీ, ఆ రాళ్ళని ముట్టుకోవడానికి నాకు చేతులు దురద పెడుతున్నాయి.

జూన్ అంతా ఆర్గైల్‌లోనే గడిచింది. పొద్దున విద్యని ఆఫీసులో దింపి నేరుగా అక్కడికే. కాంట్రాక్టర్ డ్వేన్ ఆరడుగుల టెక్సస్ మనిషి, ఎండకి మెడ ఎర్రగా కాలిపోయి ఉంటుంది, పాత కట్టడమంటే ప్రాణం. ఇద్దరం ఫోటోలు ముందేసుకుని ఏ రాయి పక్కన ఏ రాయో పోల్చుకునేవాళ్ళం. పునాది మీద రాతి కాళ్ళు, వాటి మీద ఒక కాలి నుంచి ఇంకో కాలికి పరిచిన మందపాటి బండలు, ఆ బండల మీద గోడలు. పైకప్పుకి రాతి పలకలే పెంకులు, చూరు దగ్గర పెద్దవి, పైకి పోయేకొద్దీ చిన్నవి. తలుపులో కింద పిల్లి దూరేంత కంత. ఎంత కట్టుదిట్టం చేసినా ఎలక దూరితే పట్టుకోవడానికి పిల్లికి దారి ఉంచాడు ఆ రైతు. అది చూసిన రోజు నేనూ డ్వేనూ పొట్ట పట్టుకుని నవ్వాం.

అన్నిటికంటే నాకు నచ్చింది మెట్లు. రాతి మెట్లు తలుపు దాకా వస్తాయి, తలుపుని మాత్రం తాకవు. చివరి మెట్టుకీ గడపకీ మధ్య మూరెడు సందు. మనిషి ఒక పెద్ద అంగ వేసి లోపలికి పోతాడు. ఎలక అంత దూరం దూకలేదు. మొదట కొలత తప్పిందేమో అనుకున్నాడు డ్వేన్. ఫోటోలు చూపించి, తప్పు కాదయ్యా, ఆ సందు లేకపోతే కింద అన్ని కాళ్ళు పెట్టీ దండగే అని చెప్పాను.

నేను బొమ్మలు గీశాను. ఎన్నాళ్ళకో. నాలుగు గోడలకీ నాలుగు, కప్పుకొకటి, అడ్డంగా కోస్తే లోపల ఎలా ఉంటుందో ఇంకొకటి. కంప్యూటర్ మీద కాదు, ట్రేసింగ్ పేపర్ మీద పెన్నుతో.

ఇక్కడొక మాట చెప్పాలి. ఆర్కిటెక్టులు కట్టడం బొమ్మ గీసినప్పుడు తలుపు దగ్గర ఒక మనిషిని నిలబెడతారు. తలుపు ఎంత ఎత్తో, గోడ ఎంత ఎత్తో చూసేవాడికి అందాలని. నేను హైదరాబాద్‌లో గీసిన ప్రతి బొమ్మలోనూ ఆ మనిషి విద్యే. నడుం దాకా జడ, భుజానికి సంచీ, ఒక కాలు మీద బరువు వేసి నిలబడే పద్ధతి. మా ఆఫీసులో అందరూ ఏడిపించేవాళ్ళు, క్లయింటు ఎవరైనా ఇంట్లో ఉండేది మాత్రం విద్యే అని. ఈ గాదెకి బొమ్మ గీస్తున్నప్పుడు కూడా చెయ్యి అలవాటుగా ఆ జడ దగ్గరికే పోయింది. ఆపాను. పాట్‌లక్ నాటి చూపు గుర్తొచ్చింది. హర్ష వంక అలా చూసిన మనిషిని నేనెందుకు నిలబెట్టాలి నా తలుపు దగ్గర? టోపీ పెట్టుకుని చేతులు కట్టుకున్న ఇంగ్లీషు రైతునొకణ్ని గీసి పడేశాను. కసి కాస్త తీరినట్టనిపించింది.

హర్ష రోజూ పొద్దున కాఫీ కప్పుతో వచ్చేవాడు. టార్పాలిన్ పక్కన నిలబడి ఫోటో, ఏదో ఒక రాయి ఎత్తుతున్నట్టు ఇంకో ఫోటో. మధ్యాహ్నానికి అవి వాట్సాప్ గ్రూపుల్లోకి ఎక్కేవి, 'మై రెస్టోరేషన్ జర్నీ' అని. కింద చప్పట్లు, దండాలు, హృదయాలు. ఆ హృదయాల్లో ఒకటి మా ఆవిడది. నేను లెక్కపెట్టలేదు గానీ, అది ఉందా లేదా అని మాత్రం రోజూ వెతికేవాణ్ని.

నెలాఖరులో ఒక సాయంత్రం విద్య ఆఫీసు నుంచి వచ్చి వంటింటి గట్టుకి ఆనుకుని నిలబడింది. నేను బెండకాయలు తరుగుతున్నాను.

"ఇవాళ హర్ష టీమ్ మీటింగ్‌లో ప్రెజెంటేషన్ ఇచ్చాడు," అంది. "పాతబడ్డ లెగసీ సిస్టమ్స్‌ని కొత్తవాటిలోకి ఎలా మైగ్రేట్ చెయ్యాలి అని. ఎగ్జాంపుల్‌కి గ్రానరీ స్టోరీ. ప్రతి రాయికీ ఐడీ, డిపెండెన్సీ, టెస్టింగ్... అందరూ ఫ్లాట్."

"ఊఁ."

"స్లైడ్స్‌లో డ్రాయింగ్స్ పెట్టాడు. ఎంత బాగున్నాయో! ఆ కప్పు మీద పలకలు ఒక్కొక్కటీ విడిగా గీసి ఉన్నాయి." నా చేతుల వంక చూసింది. "నువ్వు చూశావా వాటిని?"

కత్తి ఆగిపోయింది. నా బొమ్మలు. నా చేత్తో గీసినవి. వాటిని పొగడడానికి కూడా ఆవిడకి హర్షే కావలసి వచ్చాడా? నేను గీశానని ఒక్క మాట అంటే అయిపోయేది. కానీ అడుక్కుని తెచ్చుకున్న మెప్పు నాకెందుకు? 'నీ గీత కళ్ళు మూసుకుని గుర్తుపడతాను' అని ఒకప్పుడు అన్న మనిషే కదా. గుర్తుపట్టనీ.

"చూశాను," అన్నాను. మళ్ళీ బెండకాయల మీద పడ్డాను.

ఇంకాసేపు అక్కడే నిలబడి, బట్టలు మార్చుకోవడానికి వెళ్ళిపోయింది. ఆ రాత్రి బెండకాయ వేపుడు మాడిపోయింది. ఇద్దరం అలాగే తిన్నాం.

తర్వాత నేను మొండికేశాను. ఆర్గైల్‌లో డ్వేన్‌తో గంటలు గంటలు వాగేవాణ్ని, పాటలు పాడేవాణ్ని. ఇంటికొచ్చేసరికి నోటికి తాళం. విద్య 'ఇవాళ ఎంతదాకా వచ్చింది?' అని అడిగితే, 'గోడలు లేచాయి' అనేవాణ్ని. 'చూడ్డానికి రానా?' అంటే, 'హర్ష ఫోటోలు పెడుతున్నాడుగా' అనేవాణ్ని. తర్వాత అడగడం మానేసింది.

జులై ముగిసేసరికి కప్పు పడింది. శ్రావణంలో మంచిరోజు చూసి పూజ చేయాలంది హర్ష భార్య గిరిజ. కొత్తగా నిలబెట్టిన కట్టడం, ఎవరెవరో బతికిన చోటి నుంచి వచ్చిన రాళ్ళు, గృహప్రవేశం చెయ్యకుండా అందులో ఆఫీసేంటని ఆవిడ వాదన. తప్పేం లేదు. పంతులు గారిని మాట్లాడారు, పిలుపులు అయ్యాయి. ఆదివారం మమ్మల్ని భోజనానికి పిలిచారు. నలుగురం గాదె ముందు నిలబడ్డాం.

"నిశాంత్ గారూ, ఈ గొయ్యి ఏంటండీ గడప ముందు?" అంది గిరిజ సందు చూపిస్తూ. "వాస్తుకి బాగోదు. పైగా ఆవు వస్తుంది కదా, కాలు ఇరుక్కుంటే?"

"ఆవా?"

"గృహప్రవేశానికి ఆవు లేకుండా ఎలాగండీ? సెలైనా ఊరి దగ్గర పశువుల రాంచ్ ఉంది. అందరి ఇళ్ళకీ వాళ్ళే పంపిస్తారు. చాలా మంచి ఆవట."

"డ్వేన్‌కి చెప్పిన," అన్నాడు హర్ష. "కాంక్రీట్ పోసి బంద్ జేసేస్తడు."

నేను సందుకి అడ్డంగా నిలబడ్డాను. "వద్దన్నా. ఆ సందు పూడిస్తే ఇంక ఈ కాళ్ళెందుకు, గొడుగులెందుకు? ఎలకలు మెట్లెక్కి నేరుగా లోపలికి పోతాయి. అసలు కట్టినవాడి తెలివంతా ఆ మూరెడులోనే ఉంది."

"నా ఆఫీస్‌ల గోధుమలు యాడియి బ్రో, ఎలకలు వచ్చి తిననీకి?" హర్ష నవ్వాడు.

నిజమే, గోధుమలు లేవు.  అయినా గొంతు పెంచాను. "అది నీకు అర్థం కాదులే అన్నా. కొనడం వేరు, అర్థం కావడం వేరు."

హర్ష మొహంలో నవ్వు పోయింది. "చూడు బ్రో, గ్రానరీ నాది."

"నిశాంత్," అంది విద్య మెల్లగా. "వాళ్ళ ఇల్లు అది. వదిలెయ్."

 కారు హైవే ఎక్కాక విద్యే అంది.

"నీకు హర్ష అంటే కుళ్ళు."

"అవును, కుళ్ళే. అయితే?"

"దేనికి? ఇంటికా? జాబ్‌కా?"

"కాదు."

"మరి దేనికి?"

నీ చూపుకి, అని చెప్పొచ్చు. ముప్పై అయిదేళ్ళ మగవాణ్ని, స్టీరింగ్ పట్టుకుని, 'నువ్వు వాణ్ని అలా చూశావు, నన్ను చూడ్డం లేదు' అని ఎలా అంటాను? ఏసీ పెంచాను. విద్య కిటికీ వైపు తిరిగింది.

అదృష్టం కొద్దీ డ్వేన్‌కి వేరే సైటులో పని పడి, సందు పూడ్చడం పూజ తర్వాతి వారానికి వాయిదా పడింది. అప్పటికి ఒక మందపాటి చెక్క వేసి సరిపెట్టారు. దానికి గిరిజ పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టింది.

పూజ రోజున నేను రానన్నాను. పట్టుచీర కట్టుకుని తాళంచెవులు చేతిలో పట్టుకుని నిలబడింది విద్య. "రాకపోతే నేనూ వెళ్ళను. నువ్వే ఫోన్ చేసి చెప్పు వాళ్ళకి," అంది. ఫోన్ చెయ్యడం కంటే వెళ్ళడమే తేలిక.

ఎండ అప్పటికే నిప్పులు చెరుగుతోంది. పెరడంతా జనం. గాదె మీద మాత్రం నా కళ్ళు ఆగిపోయాయి. తేనెరంగు గోడలు, బూడిదరంగు పలకల కప్పు, కాళ్ళ కింద నుంచి ఇటు నుంచి అటు కనబడే పచ్చగడ్డి. నేల మీద ఆనకుండా, ఎవరో ఎత్తి పట్టుకున్నట్టుంది. గుమ్మానికి మామిడాకులు. ముందు హర్ష, పక్కన గిరిజ ఇచ్చిన కుర్తా తొడుక్కుని డ్వేన్, చుట్టూ ఫోన్లెత్తిన చేతులు. 'గ్రేట్ జాబ్ హర్షా!' అని ఎవరో అరిచారు. 

ఆవు వచ్చింది. గోధుమరంగు ఆవు, మెడలో పూలదండ, నుదుట బొట్టు. తోలుకొచ్చిన రాంచ్ ఆయన కౌబాయ్ టోపీ తీసి అందరికీ నమస్తే పెట్టాడు. ఇలాంటి గృహప్రవేశాలు బోలెడు చేశాడట. గిరిజ చేతిలో అరటిపళ్ళ గెల. ఒక్కో పండు చూపిస్తుంటే ఆవు ఒక్కో మెట్టే ఎక్కింది, చెక్క దాటింది, ఠీవిగా గాదెలోకి నడిచింది. జనం చప్పట్లు. లోపల పాలు పొంగాయి. హారతి అయింది. పంతులు గారు, ఇంక గోమాతను బయటికి తీసుకెళ్ళండి నాయనా, అన్నారు.

ఆవు రాలేదు.

గుమ్మం దాకా వచ్చింది. మెట్ల వంక చూసింది. ముందరి కాళ్ళు వెనక్కి తీసుకుంది. పండు చూపించారు, గడ్డి చూపించారు, బతిమాలారు, వెనక నుంచి తోశారు. ఉహుఁ. రాంచ్ ఆయన తల గోక్కున్నాడు. ఆవులు మెట్లెక్కుతాయి గానీ దిగవు, ఇప్పటిదాకా వెళ్ళిన ఇళ్ళకన్నిటికీ ఒక్క మెట్టే ఉండేదని డ్వేన్‌కి చెప్పాడు. ఆవు లోపల తిరగడం మొదలుపెట్టింది. అది అడుగు వేసినప్పుడల్లా చెక్కనేల కిర్రుమంటోంది. లోపల ఇరుక్కుపోయిన పంతులు గారు గోడకి అంటుకుపోయి విష్ణుసహస్రనామం ఎత్తుకున్నారు. ఈలోగా ఆవు గది మధ్యలో పేడ కూడా వేసింది. అది శుభమేనని ఎవరో అన్నారు. గిరిజ మొహం చూస్తే అలా లేదు.

చెప్పడానికి సిగ్గెందుకు, నాకు లోపల పండగలా ఉంది. చెట్టు నీడన నిలబడి తీరిగ్గా మజ్జిగ తాగుతున్నాను. అప్పుడు నేల మరీ గట్టిగా కిర్రుమంది, హర్ష కేకపెట్టాడు.

"నిశాంత్! నిశాంత్ యాడున్నడు? పిలువుండ్రి! బొమ్మలన్నీ వాడే గీసిండు! నేల ఎంత మోస్తదో వానికే ఎరుక!"

ఫోన్లన్నీ నా వైపు తిరిగాయి. నేను చూసింది మాత్రం విద్య వైపే. హారతి పళ్ళెం పట్టుకుని మెట్ల పక్కన నిలబడి ఉంది. ఆవిడ మొహంలో ఆశ్చర్యమేమీ కనబడలేదు. ఎందుకు లేదో ఆలోచించే టైము నాకు లేదు.

"నేలకేం కాదు," అని అరిచాను. "దాని కింద ఓక్ దూలాలున్నాయి. పంట పంటంతా మోసిన నేల, ఒక్క ఆవు దానికి లెక్కకాదు. పంతులు గారూ, భయపడకండి. అన్నా, ఆ రాళ్ళొచ్చిన చెక్కపెట్టెలున్నాయా, పారేశావా?"

"షెడ్డు ఎనక ఉన్నయి."

'క్రేట్స్!' అని నేను కేకేస్తే, కుర్తా చేతులు పైకి మడిచి డ్వేన్ అటు పరిగెత్తాడు. పెట్టెలు విప్పాం. మేకులు పీకాం. పెట్టెల అడుగున ఉన్న పొడుగు దుంగలు గడప నుంచి మెట్ల మీదుగా గడ్డి దాకా వాలుగా వేశాం. జారుడు మరీ ఎక్కువైతే ఆవు నమ్మదని కింది కొసలు ఇంకా దూరం జరిపాం. పైన చెక్కలు అడ్డంగా కొట్టి, వాటి మీద పచ్చగడ్డి పరిచాం, కింద ఏముందో దానికి కనబడకుండా. సాఫ్ట్‌వేర్ ఇంజనీర్లంతా పట్టుపంచెలు ఎగ్గట్టి చెక్కలు మోశారు. హర్ష కూడా మోశాడు. ఈసారి ఫోటో ఎవరూ తీయలేదు.

ఆవు గుమ్మంలోకి వచ్చి గడ్డి వాసన చూసింది. ఒక గడ్డిపోచ నమిలింది. తర్వాత, ఇందాకటి నుంచి దీనికోసమే ఆగానన్నట్టు, తాపీగా నడుచుకుంటూ దిగి వచ్చేసింది. వెనకాలే పంతులు గారు.

హర్ష చెమటలు తుడుచుకుంటూ నా పక్కన కూలబడ్డాడు. "డ్వేన్‌కి చెప్త బ్రో, ఆ సందు బంద్ చేయొద్దని. బంద్ జేస్తే మా గిరిజ సాలుకోపారి ఆవును తెస్తది." ఇటు చూడకుండానే అన్నాడు. "స్లైడ్‌ల నీ పేరు పెట్టాల్సింది. సారీ."

"పర్లేదన్నా," అన్నాను. పర్లేదేంటి, వేసవంతా కాలుతూనే ఉన్నాను. కానీ ఆ క్షణంలో నాకు కావలసింది హర్ష సారీ కాదు.

జనం వెళ్ళేసరికి ఎండ వాలింది. వాలు చెక్కలన్నీ తీసేశాం, పసుపు రాసిన చెక్కతో సహా. డ్వేన్ రాంచ్ ఆయన్ని సాగనంపడానికి వెళ్ళాడు. చూస్తే, విద్య గాదె గుమ్మంలో నిలబడి ఉంది. నేను మెట్లెక్కి చివరి మెట్టు మీద ఆగాను. మా ఇద్దరి మధ్యా ఆ మూరెడు సందు, దాని కింద గడ్డి.

"విన్నావుగా," అన్నాను. గొంతు మామూలుగానే ఉంచాలని చూశాను. "ఆ డ్రాయింగ్స్ నేను గీసినవి."

"తెలుసు."

"ఇప్పుడు తెలిసింది."

"మొదటి స్లైడ్ పడగానే తెలుసు. నీ గీత నాకు తెలీదా?" గుమ్మం పైరాయి మీద చెయ్యి ఆనించి, ఒక కాలు మీద బరువు వేసి నిలబడి ఉంది. "రూమ్‌లో అందరూ రాళ్ళు చూస్తున్నారు. నేను తలుపు వైపు చూశాను. అక్కడ నేనుంటాననుకున్నాను."

నేను కింద సందు వంక చూశాను.

"ఎవడో టోపీవాడున్నాడు. తర్వాతి స్లైడ్‌లోనూ వాడే. అన్ని స్లైడ్స్‌లోనూ వాడే." విద్య పైరాయి మీది చెయ్యి తీసేసింది. "ఇంటికొచ్చి అడిగాను కదా, చూశావా వాటిని అని. చెప్తావేమో అని అలాగే నిలబడ్డాను. చూశాను అన్నావు. బెండకాయలు తరుక్కున్నావు."

"నువ్వు గుర్తుపట్టాలని..."

"నన్ను తీసేసి, గుర్తుపట్టాలని ఎదురుచూశావా? నీకు హర్ష అంటే కుళ్ళు అన్నాను. నాకు దేనంటే కుళ్ళో నువ్వు అడిగావా ఒక్కసారైనా? ఈ రాళ్ళంటే. ఈ గాదె అంటే. డ్వేన్ అంటే కూడా. వాడు చెప్పాడు ఇవాళ, నువ్వు పాటలు పాడతావట ఇక్కడ. నా దగ్గర పాడి ఎన్నాళ్ళయింది?"

ఆవిడ కళ్ళల్లోకి చూశాను. వేసవంతా నేను వెతుక్కున్న చూపు కాదది. కళ్ళు పెద్దవి కాలేదు, పెదవులు విడివడలేదు. చిన్నవై, ఎర్రబడి, మండుతూ ఉన్నాయి. అయినా ఆ చూపు నాకు కొత్తేమీ కాదు. మే నెల నుంచి రోజూ పొద్దున గడ్డం గీసుకుంటున్నప్పుడు అద్దంలో కనబడుతున్నదే. నా మీద ఎవరైనా అంతగా మండిపడేంత పని నేను చేశానని నాకు అప్పటిదాకా తెలీదు.

చొక్కా జేబు తడుముకున్నాను. కొలతలకి వాడిన పెన్సిల్ ఉంది. కాగితం లేదు. కింద పడి ఉన్న చెక్కపెట్టె పలక ఒకటి తెచ్చి మోకాలి మీద పెట్టుకుని మెట్టు మీదే కూర్చున్నాను. ఇంగ్లీషు రైతుల తలుపులు పొట్టివి. విద్య తల పైరాయికి బెత్తెడు కిందకి వచ్చింది.

"కదలకు," అన్నాను.

కదల్లేదు. పెన్సిల్ బొమ్మలో ఆవిడ భుజం దాటి నడుం దాకా దిగబోతుంటే మాత్రం అక్కడి నుంచే కనిపెట్టింది.

"జడ పెట్టకు," అంది. "కత్తిరించి రెండేళ్ళయింది."